‘21 రోజుల్లో 10 కిలోలు’: ఆ వాట్సాప్ సందేశంలో ఒక్కో మాటకీ జవాబు

కొత్త సంవత్సరం రాగానే ఒకసారి, పెళ్లిళ్ల సీజనుకు ముందు మరోసారి ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదీ: అన్నం పూర్తిగా మానేయండి. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో జీలకర్ర, నిమ్మరసం, తేనె కలిపి తాగండి. రోజూ చెమటలు కారేదాకా గంట వ్యాయామం చేయండి. ఇలా 21 రోజులు చేస్తే 10 కిలోలు తగ్గుతారు, పైగా అది జన్మకంతా అలవాటైపోతుంది. మధ్యలో ఒక్కరోజు తప్పినా లెక్క మళ్లీ మొదటి నుంచే. బరువు ఆగిపోతే శరీరం మొండికేసిందని అర్థం, ఒంటిపూట భోజనానికి దిగండి.

తిండి తగ్గించమనడం, ఒళ్లు కదిలించమనడం తప్పు కాదు. నష్టమంతా గడువులో ఉంది. మూడు వారాల గడువు పెట్టుకున్నవాళ్లు 22వ రోజు త్రాసెక్కి, కిలోన్నర తగ్గి కూడా ‘నా వల్ల కాదు’ అనుకుని వదిలేస్తారు. నిజానికి ఆ కిలోన్నర మంచి ఫలితం. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

‘21 రోజుల్లో 10 కిలోలు తగ్గుతారు’

ఒంట్లోని కొవ్వు కిలో కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. పది కిలోలకు 77,000. దాన్ని 21తో భాగిస్తే రోజుకు 3,667 కేలరీల లోటు. నలభై ఏళ్ల వయసు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉండి కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్న ఒక మహిళను తీసుకుందాం. ఆమె శరీరం రోజంతా ఖర్చు చేసేదే 1,850 కేలరీలకు అటూ ఇటూ. మూడు వారాలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా కొవ్వు లెక్కలో 5 కిలోలు దాటదు. అంటే ఆ సందేశం అడిగేది కటిక ఉపవాసానికి రెట్టింపు.

ఆమె నిజంగా చేయగలిగిందేమిటి? రోజుకు 400 కేలరీల లోటు. అది ఎక్కడి నుంచి వస్తుందో వంటింట్లోనే చూడొచ్చు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె అయిపోతోందంటే తలకు రోజుకు 30 గ్రాములు పడుతున్నట్టు. మూడు లీటర్లలోపు సర్దుకుంటే ఒక్కొక్కరికి 70, 80 కేలరీలు తగ్గుతాయి. పూటకు 125 గ్రాముల బియ్యం వండుకునే చోట 90 గ్రాములు వండితే రెండు పూటలకూ కలిపి 240 దాకా తగ్గుతాయి. రోజుకు మూడు టీలు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అలవాటుంటే ఒక్కో చెంచాకు దిగితే మరో 60. మొత్తం 400కు దగ్గరపడింది. అన్నం తగ్గినచోట కడుపు నిండాలి కాబట్టి బీరకాయో సొరకాయో దొండకాయో, తక్కువ నూనెతో చేసిన కూర ఓ 150 గ్రాములు ఎక్కువ వేసుకుని, గ్లాసు పలచటి మజ్జిగ తాగాలి. వీటితో వెనక్కి వచ్చే 80, 100 కేలరీలకు బదులు సాయంత్రం టీతో తినే గుప్పెడు మిక్చరో జంతికలో మానితే లెక్క సరిపోతుంది.

కాగితం మీద ఈ 400 లోటుతో పది కిలోలకు ఆరున్నర నెలలు చాలు. కానీ శరీరం ఆ కాగితం ప్రకారం నడవదు. బరువు తగ్గేకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది. అమెరికాలో కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇచ్చిన అంచనా సూత్రం ఇది: రోజువారీ తిండిని శాశ్వతంగా 24 కేలరీలు తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి ఏడాది, దాదాపు పూర్తిగా తగ్గడానికి మూడేళ్లు. ఈ లెక్కన మన 400 కేలరీల కోతతో మొదటి ఏడాది దిగేది 8 కిలోల చిల్లర. నడక తోడైతే ఇంకాస్త ముందే. పది కిలోలకు ఏడాది, ఏడాదిన్నర అని ముందే తెలిసినవాళ్లు మూడో వారంలో కుంగిపోరు.

ఇంకో సంగతి. ఆరోగ్యం కోసమైతే పదే ఎందుకు? 2002లో ఫలితాలు వచ్చిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టారు. ఆ దారిలో వెళ్లినవాళ్లలో షుగరు వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. 72 కిలోల మనిషికి 7 శాతమంటే 5 కిలోలు. చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన భారతీయ అధ్యయనం ఇంకా ఆసక్తికరం. అక్కడ బరువులో చెప్పుకోదగ్గ మార్పే లేదు, అయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ప్రమాదం 28.5 శాతం తగ్గింది. త్రాసు కదలని నెలలు వృథా కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి!

‘అన్నం మానేస్తే మొదటి వారంలోనే 3 కిలోలు పోతాయి, అదే రుజువు’

పోతాయి, నిజమే. పోయేది మాత్రం చాలావరకు నీరు. తిన్న పిండిపదార్థాన్ని శరీరం కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. మొత్తం మీద 400, 500 గ్రాములుంటుంది. ఒక్కో గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె, ఇడ్లీ అన్నీ ఒక్కసారి బంద్ చేస్తే ఈ నిల్వ కరిగి, దాంతో పాటు నీరూ బయటికి పోతుంది. అన్నంతో పాటు పచ్చడి, సాంబారు, అప్పడం కూడా తగ్గుతాయి కాబట్టి ఉప్పు తగ్గి ఇంకొంత నీరు దిగుతుంది. పేగుల్లో ఉండే ఆహారం బరువూ తగ్గుతుంది.

మళ్లీ ఒక పెళ్లి భోజనం తిన్న మర్నాడు ఇదంతా వెనక్కి వస్తుంది. త్రాసు రెండు కిలోలు ఎక్కువ చూపిస్తే గుండె జారిపోతుంది. కానీ రెండు కిలోల కొవ్వు పెరగాలంటే ఖర్చు కంటే 15,400 కేలరీలు ఎక్కువ తినాలి. ఎంత పప్పన్నం, పులిహోర, బూరెలు తిన్నా ఒక పూటలో అది ఎవరి తరమూ కాదు. మామూలు తిండికి వస్తే నాలుగైదు రోజుల్లో ఆ నీరు దిగిపోతుంది.

అన్నం స్థానంలో జొన్నరొట్టె తింటే కేలరీలు తగ్గుతాయనుకోవడం కూడా ఇక్కడే ఉన్న పొరపాటు. 100 గ్రాముల జొన్నపిండి, 100 గ్రాముల బియ్యం రెండూ 350 దగ్గరే. జొన్నలో పీచు ఎక్కువ, రెండు రొట్టెలు తిన్నాక మూడోది దిగడం కష్టం. లాభం అక్కడ ఉంది. రొట్టెకు నెయ్యి రాసి, పక్కన గిన్నెడు పల్లీల పచ్చడి పెట్టుకుంటే ఆ లాభమూ పోయినట్టే.

‘జీలకర్ర, నిమ్మ, తేనె నీళ్లు కొవ్వును కరిగిస్తాయి’

కరిగించవు. గోరువెచ్చని నీళ్ల వల్ల కడుపు తేలికపడొచ్చు, అంతవరకే. చెంచా తేనెలో 20 కేలరీలుంటాయి. ‘కరిగించే’ పదార్థం పేరుతో రోజూ రెండు చెంచాలు కలుపుకుంటున్నారంటే రెండు చెంచాల చక్కెర తిన్నట్టే. తాగాలనిపిస్తే తేనె లేకుండా తాగండి.

‘చెమట ఎంత కారితే కొవ్వు అంత కరిగినట్టు’

మే నెలలో విజయవాడ బస్టాండులో ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. అది శరీరం చల్లబడే పద్ధతి. లీటరు చెమట పోతే కిలో తగ్గుతారు, లీటరు నీళ్లు తాగితే ఆ కిలో తిరిగొస్తుంది. ప్లాస్టిక్ సూట్లు వేసుకుని పరుగెత్తడం, ఫ్యాను ఆపేసి వ్యాయామం చేయడం వడదెబ్బను కోరి తెచ్చుకోవడం.

వ్యాయామం ఎంత ఖర్చు చేయిస్తుందో కూడా తెలిసి ఉండాలి. 70 కిలోల మనిషి గంటలో 5 కిలోమీటర్లు నడిస్తే 250 కేలరీల దాకా ఖర్చవుతాయి. ఆ గంట కుర్చీలో కూర్చున్నా 70 ఖర్చయ్యేవి కాబట్టి అదనంగా వచ్చింది 180. తిరిగొచ్చే దారిలో ప్లేటు మిర్చిబజ్జీలు తింటే అప్పు మిగులుతుంది. అయినా నడక ఎందుకంటే షుగరు, బీపీ, నిద్ర, మోకాళ్ల బలం, తగ్గిన బరువు మళ్లీ రాకుండా కాపాడుకోవడం, వీటన్నిటికీ. అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో చేరాలంటే కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాది పాటు నిలబెట్టుకుని ఉండాలి. అందులో ఉన్నవాళ్లలో 90 శాతం మంది రోజుకు సగటున గంట వ్యాయామం చేస్తామంటున్నారు. వాళ్లు తమంతట తాము చేరినవాళ్లు కాబట్టి దీన్ని అందరికీ వర్తించే రుజువుగా పట్టుకోలేం గానీ, అంకె మాత్రం గమనించదగ్గది.

అయితే మొదటి రోజే గంట మొదలుపెట్టడం దగ్గరే అసలు దెబ్బ తగులుతుంది. 85 కిలోల మనిషి యూట్యూబ్ చూసి ఎగిరే వ్యాయామాలతో మొదలుపెడితే వారం తిరక్కుండా మోకాలో మడమో పట్టేస్తుంది. రథసప్తమి ఉత్సాహంలో తొలిరోజే 108 సూర్యనమస్కారాలు చేస్తే మణికట్టు, భుజం మొరాయిస్తాయి. ఊపిరి, గుండె వారాల్లో అలవాటు పడతాయి. ఎముకను కండరాన్ని కలిపే స్నాయువులకు నెలలు కావాలి. నొప్పి వచ్చాక పదిరోజుల విశ్రాంతి, ఆ పదిరోజులతో పాటే ఉత్సాహమూ హుళక్కి.

మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, 15 నిమిషాల నడక చాలు. వేగం ఎంతంటే, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే మూడు నెలలకు 40 నిమిషాలు దాటుతుంది. దీనికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు పని పెట్టాలి, సందేశంలో ఊసే లేనిది ఇదే. తిండి మాత్రమే తగ్గిస్తే తగ్గిన బరువులో పావు వంతు దాకా కండ పోవచ్చు. జిమ్ అక్కర్లేదు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు మీద చేతులానించి పుషప్స్, ఐదు లీటర్ల నీళ్ల క్యాను పట్టుకుని ముందుకు వంగి నడుము దగ్గరకు లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య నిమిషంన్నర విరామం. మూడు విడతల్లోనూ 12 సులువుగా వస్తుంటే బరువు పెంచాలి. కుర్చీ వ్యాయామానికైతే రెండు మూడు కిలోల పుస్తకాలు పెట్టిన స్కూలు బ్యాగు ఒళ్లో పట్టుకోవచ్చు.

కండకు కావలసింది మాంసకృత్తులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన రోజువారీ మోతాదు కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువు తగ్గే దశలో 1 గ్రాము దాకా చూసుకుంటే మేలు. రెండు గుడ్లలో 12, పూటకు 30 గ్రాముల చొప్పున రెండు పూటల కందిపప్పులో 13, మూడు వందల మిల్లీలీటర్ల పెరుగులో 10, రెండు పూటల అన్నంలో 14, 25 గ్రాముల మీల్‌మేకర్‌లో 13. మొత్తం అరవై దాటింది, 72 కిలోల మనిషికి 0.83 లెక్కన సరిపోతుంది. పప్పు నీళ్లలా కాకుండా గట్టిగా వండుకోవడం మరవకండి. గరిటెడు చారులాంటి పప్పులో ఉండేది రెండు గ్రాములో మూడో.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం మాంసకృత్తులు పెంచే ముందు డాక్టర్ని అడగాలి.

‘21 రోజులు చేస్తే అలవాటవుతుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటి నుంచి’

ఈ 21 ఎక్కడిది? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పాకింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడేందుకు రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారగా మారగా ‘కనీసం’ రాలిపోయింది, ముఖం పోయి వ్యాయామం వచ్చి చేరింది.

అలవాటును నేరుగా కొలిచిన పరిశోధన లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసింది, 2009లో వెలువడింది. 96 మంది, 12 వారాలు, ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకున్నారు: భోజనంతో పండు తినడం, గ్లాసు నీళ్లు తాగడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగు, ఇలాంటివి. ఆలోచించకుండా చేసే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఆ 254 అధ్యయన కాలాన్ని దాటి వేసిన అంచనా. నీళ్లు తాగడం లాంటివి త్వరగా పట్టుబడ్డాయి, వ్యాయామానికి దాదాపు ఒకటిన్నర రెట్లు సమయం పట్టింది. ఇంకా ముఖ్యమైనది, ఒకరోజు తప్పిపోతే అలవాటు పట్టుబడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు.

కేలరీల లెక్కలోనూ అంతే. ఆరు రోజులు 400 చొప్పున 2,400 లోటు పెట్టి, ఆదివారం బిర్యానీ, కూల్‌డ్రింకు, డబల్ కా మీఠాతో ఖర్చు కంటే 1,200 ఎక్కువ తిన్నారనుకోండి. ఇంకా 1,200 లోటు మిగిలే ఉంది. సగం పోయింది, సున్నా కాలేదు. దాన్ని సున్నా చేసేది సోమవారం మధ్యాహ్నం ‘ఎలాగూ చెడింది కదా’ అని తినేదే. అందుకే నియమం ఇలా పెట్టుకోవాలి: ఒక రోజు తప్పితే మర్నాడు ఏ శిక్షా లేదు, ఉపవాసాలూ లేవు, మామూలు రోజే. వరుసగా రెండు రోజులు తప్పకుండా చూసుకోవడం ఒక్కటే పట్టుదల. వానాకాలం, పరీక్షలు, బంధువులు వచ్చిన వారం, ఇలాంటి వాటికి పది నిమిషాల కురచ పద్ధతి ఒకటి ముందే రాసి పెట్టుకోవాలి: కుర్చీ వ్యాయామం రెండు విడతలు, మేడ మెట్లు ఐదుసార్లు. వానపడ్డ రోజు నిర్ణయం తీసుకోవాల్సిన పని అప్పుడు ఉండదు.

‘బరువు ఆగిపోయిందంటే శరీరం మొండికేసింది, ఒంటిపూటకు దిగండి’

ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే, కాస్త వివరంగా చూడాలి. తిండి తగ్గితే శరీరం ఖర్చు తగ్గించుకునే మాట నిజం. అంతమాత్రాన లోటు ఉండగా బరువు తగ్గడం పూర్తిగా ఆగిపోదు. 1944, 45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే పరిశోధకుడు 36 మంది యువకులను ఆరు నెలలు అరకొర తిండి మీద ఉంచాడు, రోజుకు దాదాపు 1,570 కేలరీలు. జీవక్రియ బాగా మందగించింది, అయినా వాళ్లు సుమారు నాలుగో వంతు బరువు కోల్పోయారు. దాంతో పాటు కాళ్లకు నీరు పట్టింది, చిరాకు పెరిగింది, రోజంతా తిండి ధ్యాసే అయింది, ప్రయోగం ముగిశాక ఎంత తిన్నా తృప్తి లేకపోయింది. ఒంటిపూటకు దిగమనే సలహా చివరికి తీసుకెళ్లేది అటే.

త్రాసు ఆగిందంటే చాలాసార్లు కారణం నీరే. కొత్తగా వ్యాయామం మొదలుపెడితే ఒళ్లునొప్పులతో పాటు కండరాల్లో నీరు చేరి, కొవ్వు తగ్గుతున్నా అర కిలో, కిలో ఎక్కువ చూపిస్తుంది. నెలసరికి ముందు వారం మరో కిలో. ఆవకాయ, వడియాలు తిన్న మర్నాడు, మలబద్ధకం ఉన్న రోజు, సరిగా నిద్రపట్టని వారం, అన్నీ అంతే. వారానికి తగ్గే కొవ్వు 300 గ్రాములైతే, రోజువారీ ఊగిసలాట కిలో, కిలోన్నర. ఏదో ఒక రోజు ఎక్కి చూసి తీర్పు చెప్పుకుంటే ఆ 300 గ్రాములు ఎలా కనబడతాయి?

చూసే పద్ధతి ఇది. పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తాగకముందు, ఒకే త్రాసు మీద, గట్టి నేల మీద. రోజూ రాసి ఏడు రోజుల సగటు తీయాలి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి. నెలసరి ఉన్న మహిళలు పోల్చాల్సింది పోయిన నెల ఇదే వారంతో. రెండు వారాలకోసారి బొడ్డు మీదుగా టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక నడుము కొలవాలి. మన జనాభాకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. రోజూ అంకె చూస్తే మనసు పాడయ్యేవాళ్లు త్రాసు పక్కన పెట్టి నడుము, పాత జాకెట్టు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం చూసుకుంటే చాలు.

నాలుగు వారాలు సగటూ, నడుమూ రెండూ కదలకపోతేనే నిజంగా ఆగినట్టు. 72 నుంచి 66కు వచ్చిన మనిషి ఖర్చు తగ్గిపోయి, మొదట్లో ఉన్న 400 లోటు 250, 300కు వస్తుంది. దానికి తోడు తెలియకుండానే నూనె గరిటె పెద్దదవుతుంది. కాబట్టి ముందు మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం, బియ్యం, నూనె, పల్లీలు, కొబ్బరి తూచి చూడండి. చాలాసార్లు గుట్టు అక్కడే బయటపడుతుంది. లెక్క సరిగానే ఉంటే 100, 150 కేలరీలు తగ్గించడమో, రోజుకు 2,000 అడుగులు పెంచడమో, ఏదో ఒకటే చేయాలి. మళ్లీ నాలుగు వారాలు ఆగాలి. లేదా రెండు వారాలు ఖర్చుకు సరిపడా తిని, బరువు నిలబెట్టుకుని మళ్లీ దిగడం. దీన్ని ఓటమిగా చూసేవాళ్లున్నారు గానీ, నిలబెట్టుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

‘థైరాయిడ్ ఉంది కాబట్టి తగ్గను’ అనేవాళ్లకు ఒక మాట. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులోనూ ఉప్పు, నీరే ఎక్కువ. పరీక్ష చేయించి, మందు వాడుతూ మిగతావాళ్లలాగే ముందుకెళ్లొచ్చు.

చివరగా, సందేశం చెప్పని సంగతి

వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా రాలుతుంది, అప్పటికి డైటు మాట మరిచిపోయి బోరునీళ్లను తిట్టుకుంటారు. అంతకంటే తక్షణ ప్రమాదం షుగరు మందులు వాడేవాళ్లకు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటూ అన్నం ఒక్కసారి ఆపేస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతూ పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే చక్కెర అంకె మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందులు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఆ సందేశం జోలికే పోకూడదు.